వెనక్కి చూడని పిల్ల

బడి తెరిచిన మొదటి రోజు ఆ గేటు దగ్గర ఏడవని పిల్ల ఒక్కతే ఉంది. అది నా కూతురు. ఏడవకపోతే పోనీ, లోపలికి వెళ్తూ ఒక్కసారి వెనక్కి తిరిగి కన్నతల్లి మొహం చూసిందా? చూడలేదు. సంచి భుజాలకు తగిలించుకుని, నీళ్ల సీసా మెడలో వేసుకుని, నా చెయ్యి వదిలించుకుని, చకచకా నడిచి మెట్లెక్కి మాయమైంది. నేను గేటు ఊచలు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. చివరికి వాచ్‌మన్ వచ్చి, "అమ్మా, జర చేతులు తియ్యండ్రి, గేటు ముయ్యాలె," అన్నాడు.

నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఆ రోజు కోసం నేను ఎండాకాలం మొదలైన దగ్గర్నుంచీ తయారవుతున్నాను. పిల్ల కాళ్లకు చుట్టుకుని ఏడిస్తే ఏం చెప్పాలి, ఎంతసేపు ఎత్తుకోవాలి, టీచర్ చేతికి ఎప్పుడు ఇవ్వాలి, అన్నీ మనసులో అనుకుని పెట్టుకున్నాను. కొంగున చాక్లెట్ కట్టుకుని మరీ వెళ్లాను. అంతా దండగైపోయింది.

చుట్టుపక్కల చూస్తే ఒకటే ఏడుపులు. ఒక పిల్లాడు నేల మీద పడి దొర్లుతున్నాడు. ఒక పిల్ల వాళ్లమ్మ జడ పట్టుకుని వేలాడుతోంది. మా పక్క క్వార్టర్ జంపక్క మనవడైతే ఏకంగా టీచర్ చెయ్యి కొరికాడు. ఆ జంపక్క వాణ్ని చంకలో ఇరికించుకుని నావైపు చూసి, "నీది అదృష్టమే నవతా! నీ బిడ్డ బంగారం. ఎంత బుద్ధిగ పోయిందో సూడు," అంది.

అదృష్టమట! కొంగు ముడి విప్పి ఆ చాక్లెట్ నేనే తిన్నాను. కళ్లలో నీళ్లు, నోట్లో చాక్లెట్. అలాగే ఇంటికి నడిచి వచ్చాను.

మా ఇల్లు టేకులపల్లి వెళ్లే రోడ్డు పక్కన కంపెనీ క్వార్టర్లలో ఉంది. వెనక గోడ దాటితే అడవే. పొద్దున లేస్తే కప్పు మీద కోతులు, పెరట్లో కోతులు. మా ఆయన శ్రీశైలం బొగ్గు గనిలో పనిచేస్తాడు. మా దగ్గర గని అని ఎవరూ అనరు, బాయి అంటారు. ఆయన కంటే ముందు మా మామ ఎల్లస్వామి అదే బాయిలో దిగి, పూర్తి సర్వీసు చేసి, దండ వేయించుకుని రిటైరై, కొన్నేళ్లు హాయిగా కూర్చుని తిని పోయాడు. ఇప్పుడు ఇంట్లో మా అత్తమ్మ గురవమ్మ మాటే చట్టం.

ఆ చట్టంలో అన్నిటికంటే పెద్దది ఒకటుంది. డ్యూటీకి పోయే మనిషిని వెనక నుంచి పిలవకూడదు. పోయే మనిషి గడప దాటాక వెనక్కి తిరిగి చూడకూడదు. చూస్తే మనసు ఇంటి దగ్గరే ఆగిపోతుందని, బాయిలో దిగినవాడి మనసు నెత్తి మీది కప్పు మీద ఉండాలి గానీ పెళ్లాం మీద ఉండకూడదని అత్తమ్మ అంటుంది. కాలనీలో చాలా ఇళ్లలో ఇలాంటివి ఏవో ఉంటాయి. మా ఇంట్లో మాత్రం గట్టిగా ఉంది.

నేను కాపురానికొచ్చిన కొత్తలో తెలియక ఒకసారి, "కూర డబ్బా మర్సిపోయినవ్!" అని వీధి గుమ్మం నుంచి అరిచాను. మా ఆయన బండి ఆపాడు. వెనక్కి తిరగలేదు. బండిని అలాగే వెనక్కి నెట్టుకుంటూ వచ్చి, బూట్లు విప్పి, ఇంట్లోకొచ్చి కుర్చీలో కూర్చుని, గ్లాసెడు నీళ్లు తాగి, మళ్లీ బూట్లు తొడుక్కుని కొత్తగా బయలుదేరాడు. పిలుపు దోషం పోవాలంటే అదే పద్ధతట. ఆ రోజు మస్టర్‌కి, అంటే హాజరుకి, లేటైంది. అత్తమ్మ నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

అప్పటి నుంచీ నోరు మూసుకుని గుమ్మంలో నిలబడుతున్నాను. అయితే నాకూ ఒక సుఖం దొరికింది. ఎలాగూ వెనక్కి చూడడు కదా! రాత్రి పోట్లాడుకుని ఉంటే, పొద్దున ఆయన వీపు మీద నా కసి అంతా తీర్చుకుంటాను. మూతి తిప్పుతాను, నాలుక బయట పెడతాను, మరీ ఒళ్లు మండిన రోజున చీపురు కూడా ఎత్తి చూపిస్తాను. ఆయన బండి మలుపు తిరిగేసరికి నా కోపం సగం దిగిపోతుంది. మా కాపురం ఇంత సజావుగా సాగుతోందంటే అందులో ఆ వీపు పుణ్యం చాలా ఉంది.

ఆ బండి తుడవడం కూడా నా పనే. దాని ఎడమ అద్దం ఎప్పుడు చూసినా లోపలికి, కిందికి తిరిగి ఉంటుంది. నేను సరిచేస్తాను, మర్నాటికి మళ్లీ అంతే. "ఆ నట్టు బిగించుకోరాదయ్యా, ఎనకొచ్చే లారీ కనవడాలె గదా!" అని ఎన్నిసార్లు మొత్తుకున్నానో. "అవ్, బిగిస్త," అంటాడు. బిగించడు. అసలు ఈయనకి ఏ పని చెప్పినా అంతే.

ఇక పిల్ల. పేరు సంహిత. మేడారం మొక్కు ఉంది కాబట్టి అత్తమ్మ సమ్మక్క అంటుంది. రెండు పేర్లకీ పనికొచ్చేలా మేం సమ్మి అని పిలుస్తాం. పుట్టిన దగ్గర్నుంచీ డ్యూటీ, షిఫ్టు అనే మాటల మధ్యనే పెరిగింది. ఎండాకాలంలో అక్షరాభ్యాసం చేయిద్దామని ఆర్టీసీ బస్సులో భద్రాచలం తీసుకెళ్లాం. పూజారి గారు పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని, చెయ్యి పట్టుకుని బియ్యంలో దిద్దిస్తుంటే, ఇది తలెత్తి ఆయన మొహంలోకి చూసి, "మీది ఫస్ట్ షిఫ్టా, సెకండ్ షిఫ్టా?" అని అడిగింది. ఆయన నవ్వాపుకోలేక మంత్రం మధ్యలో ఆపేశాడు. మాకు తల కొట్టేసినంత పనైంది.

అలాంటి పిల్ల, నా కొంగు వదలని పిల్ల, స్నానాల గది బయట కూడా నా కోసం కాపలా కూర్చునే పిల్ల, బడి గేటు దాటగానే నేనెవరో తెలియనట్టు పోతే నాకెలా ఉంటుంది?

మొదటి రోజు మా ఆయన ఫస్ట్ షిఫ్టు నుంచి వచ్చేవరకు ఆగి, చేతికి చాయ్ ఇచ్చి మొదలుపెట్టాను. "నీ బిడ్డ ఎనక్కి గూడ సూడలేదు."

"ఏడ్సిందా?"

"లేదు."

"శబాష్! నా బిడ్డ!" అని తొడ కొట్టాడు.

"ఏంది శబాష్? ప్రేమ లేదు దానికి. మీ వంశానికే లేదు. రాళ్లు మీరు, బొగ్గు రాళ్లు!"

అత్తమ్మ చిక్కుడుకాయలు తుంచుతూ తలెత్తింది. "బిడ్డ ఏడ్వలేదని ఏడ్సే తల్లిని నిన్నే సూసిన గదనే పిల్లా. ఏడ్వకుంట పోతే మంచిదే గదా?"

మంచిదే. నాకు తెలియదా? కానీ నాకు కావలసింది ఏడుపు కాదు. ఒక్క చూపు. గేటు దాటాక, మెట్లెక్కే ముందు, మెడ ఇంత తిప్పి, 'మా అమ్మ అక్కడుందా' అని ఒక్క చూపు. అది కూడా ఎక్కువేనా?

ఆ వారమంతా ఆ ఒక్క చూపు కోసం నేను వేయని వేషం లేదు. ఒకరోజు కళ్లు చెదిరే పసుపు చీర కట్టుకుని వెళ్లాను. జంపక్క, "ఏందే, పెండ్లికి పోతున్నవా?" అని అడిగింది గానీ సమ్మి తిరగలేదు. ఇంకోరోజు గేటు దగ్గర గట్టిగా దగ్గాను. ఆగకుండా పోయింది. మరోరోజు నేను కనపడకపోతే వెతుక్కుంటుందేమోనని టీ కొట్టు వెనక దాక్కుని తొంగి చూశాను. వెతకలేదు. నన్ను పట్టుకున్నది మాత్రం వాళ్ల టీచర్ రాజ్యశ్రీ. అప్పుడే స్కూటీ దిగి, టీ కొట్టు వెనక వంగి ఉన్న నన్ను చూసి, "ఏమ్మా, సంహిత మంచిగనే సెటిల్ అయింది. మీరే ఇంక సెటిల్ కాలేదు," అంది.

తమాషా ఏమిటంటే, మధ్యాహ్నం బడి వదలగానే మాత్రం అందరి కంటే ముందు పరుగెత్తుకొచ్చేది నా కూతురే. వచ్చి నా నడుముకి కరుచుకుపోయేది, ఊపిరాడనిచ్చేది కాదు. ఇంటికొచ్చాక వాళ్ల నాన్న లాగే బూట్లు గుమ్మం పక్కన విప్పి, ప్లాస్టిక్ కుర్చీలో వెనక్కి వాలి, "అమ్మా, నీళ్లు తే. ఇయ్యాల పని మస్తుండె," అనేది.

"ఏం పని జేసినవే?"

"ఏబీసీడీ. మళ్ల నిద్ర."

అంత ప్రేమగా ఉంటుంది. మరి పొద్దున్న పూట ఏమవుతుంది? నాకు అదే అర్థం కాక పిచ్చెక్కిపోయేది. నేనంటే చిన్నచూపా? బడి అంటే నాకంటే ఇష్టమా? ఇప్పుడే ఇలా ఉంటే రేపు ఏ గురుకులంలోనో సీటొస్తే, పెట్టె సర్దుకుని ఇలాగే తిరిగి చూడకుండా పోతుందా? వంట చేస్తూ కూడా ఇదే ఆలోచన. పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను.

ఆదివారం సమ్మి లేవగానే, "ఇయ్యాల నాకు ప్లేడేనా?" అని అడిగింది. బాయిలో వారపు సెలవుని అలాగే అంటారు. అవునన్నాం. సంతోషంగా మళ్లీ పడుకుంది.

సోమవారం వచ్చింది. అసలు గొడవ ఆ రోజే. స్నానానికి లేపితే లేవదు. దుప్పటి లాగితే మళ్లీ లాక్కుని కప్పుకుంటుంది.

"లేవే! బడికి టైమైతుంది!"

దుప్పటిలోంచి గొంతు వినిపించింది. "నాకు ఇప్పుడు లేదు."

"ఏంది లేదు?"

"డాడీది ఈ వారం సెకండ్ షిఫ్ట్ గదా. నాది గూడ సెకండ్ షిఫ్టే. అన్నం తిని పోత."

పక్క మంచం మీద పడుకున్న మా ఆయన లేచి కూర్చుని నవ్వడం మొదలుపెట్టాడు. అత్తమ్మ నవ్వు ఆపుకోలేక దగ్గింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. పొయ్యి మీద ఉప్మా మాడుతోంది, టిఫిన్ డబ్బా మూతను ఏ కోతి ఎత్తుకుపోయిందో కనపడటం లేదు, ఈవిడ గారికి సెకండ్ షిఫ్టు! లాగి కూర్చోబెట్టి, నీళ్లు పోసి, జడలు వేసి, రెక్క పట్టుకుని బడికి తీసుకెళ్లాను. దారి పొడుగునా, "మరి రాజ్యశ్రీ టీచర్‌ది గూడ రోజూ ఫస్ట్ షిఫ్టేనా? పాపం గదా," అంటూనే ఉంది.

గేటు దగ్గరికి రాగానే మళ్లీ అదే వరస. మాటలు బంద్. నా చెయ్యి వదిలేసింది. సంచి పట్టీలు రెండు చేతులతో బిగించి పట్టుకుని, మెడ నిటారుగా పెట్టి నడక మొదలుపెట్టింది.

నాకు ఇక తట్టుకోవడం చేతకాలేదు. వారం రోజుల కసి అంతా గొంతులోకి వచ్చింది. "సమ్మీ!" అని అరిచాను. గేటు దగ్గరున్న వాళ్లందరూ తిరిగి చూశారు. జంపక్క తిరిగి చూసింది. వాచ్‌మన్ తిరిగి చూశాడు. ఏడుస్తున్న పిల్లలు కూడా ఏడుపు ఆపి చూశారు.

సమ్మి ఒక్కతే తిరగలేదు. ఉన్నచోటే ఆగిపోయింది. తర్వాత, వాన పడి తడిసిన ఆ నేల మీద, ఇస్త్రీ చేసిన కొత్త యూనిఫామ్‌తో నిమ్మళంగా కూర్చుంది. వంగి బూట్లు విప్పింది. మెడలోని సీసా మూత తీసి నాలుగు గుక్కలు నీళ్లు తాగింది. మూత పెట్టింది. మళ్లీ బూట్లు తొడుక్కోవడానికి తిప్పలు పడసాగింది.

ఆ బూట్లు, ఆ నీళ్లు, ఆ కూర్చోవడం నాకు తెలుసు. మా ఇంట్లో ఎవరు చేస్తారో తెలుసు, ఎందుకు చేస్తారో కూడా తెలుసు. వారం రోజుల నుంచి నా కళ్ల ముందే ఉంది, నా మట్టి బుర్రకు తట్టలేదు. దానికి బడి అంటే డ్యూటీ. డ్యూటీకి పోయే మనిషి వెనక్కి చూడకూడదు.

వాచ్‌మన్ వద్దంటున్నా వినకుండా గేటులోంచి లోపలికి వెళ్లాను. చుట్టూ తిరిగి పిల్ల ముందుకు వెళ్లి గొంతుక్కూర్చున్నాను. ఎడమ బూటు కుడి కాలికి ఎక్కిస్తోంది.

"ఎందుకు కూసున్నవ్ బిడ్డా?"

"నువ్వు ఎనక నుంచి పిలిస్తివి గదా," అంది, నన్ను తప్పు పడుతున్నట్టు చూస్తూ. అంతలోనే కళ్లు పెద్దవి చేసింది. "అమ్మా, ఇప్పుడు నిన్ను సూసిన గదా. ముంగట నుంచి సూస్తే ఏంగాదు గదా?"

"ఏంగాదు. ఎనక్కి సూస్తే ఏమైతదని ఎవరు చెప్పిండ్రు నీకు?"

"నానమ్మ డాడీకి చెప్తది గదా. ఎనక్కి సూస్తే మళ్ల ఇంటికి రారంట." బూటు వదిలేసి నా గాజులు పట్టుకుంది. "నాకు రోజూ సూడాలనే ఉంటది అమ్మా. అందుకే మెడ గిట్ల గట్టిగ పెట్టుకుంట. నొప్పి లేస్తది. కానీ నేను ఇంటికి రావాలె గదా. రాకుంటే నువ్వు ఏడుస్తవ్ గదా."

అక్కడే, ఆ బడి వాకిట్లో, ఆ బురదలో కూర్చుని నేను ఏడ్చాను. ఉత్త ఏడుపు కాదు, వెక్కి వెక్కి ఏడ్చాను. సమ్మి తన చేతి రుమాలు తీసి నా ముక్కు తుడిచింది. జంపక్క మనవడు వాళ్ల నాయనమ్మ చంక దిగి, నా దగ్గరికి వచ్చి నిలబడి, నోరు తెరుచుకుని కాసేపు చూసి, తనంతట తానే క్లాసులోకి వెళ్లిపోయాడు. ఆ రోజు తర్వాత వాడు ఏడవలేదని జంపక్క ఇప్పటికీ అందరికీ చెబుతుంది.

ఇంటికొచ్చి జరిగింది చెప్పాను. అత్తమ్మ చిన్నబోయింది. "నేను బాయికి పోయేటోళ్లకు చెప్పిన గానీ పసిపిల్లకు చెప్పిన్నా?" అంది. మళ్లీ తనే, "ఒక్కపాలి అన్నంక ఎట్ల తియ్యాలె? బడికి పోయేటప్పుడు సూడొచ్చు అంటే, రేపు నాయినను గూడ సూడమంటది," అని తల పట్టుకుంది. ఇంటి చట్టానికి మొదటిసారి చిక్కొచ్చి పడింది. పిల్లకు ఆ పట్టింపు వద్దని చెబితే నమ్మకం చెడుతుంది, చెప్పకపోతే మెడ నొప్పితో పెరుగుతుంది. నేనేమో ఆ ఒక్క చూపు లేకుండా ఇక బతకలేను.

మా ఆయన చెవులు మాత్రం ఎర్రగా అయ్యాయి. ఎందుకో నాకు అర్థం కాలేదు.

మధ్యాహ్నం సమ్మిని తీసుకొచ్చాను. అన్నాలయ్యాయి. ఆయన సెకండ్ షిఫ్టుకి తయారై, సంచి తగిలించుకుని, బయటికి పోతూ పోతూ పిల్లను ఎత్తుకున్నాడు. తీసుకెళ్లి బండి సీటు మీద ముందు కూర్చోబెట్టాడు. ఎడమ అద్దాన్ని పట్టుకుని లోపలికి, కిందికి తిప్పాడు. నేను పొద్దున్నే తుడిచి, సరిచేసి పెట్టిన అద్దాన్ని!

"ఇగో బిడ్డా, ఈ అద్దంల సూడు. ఎవరు కనవడుతుండ్రు?"

సమ్మి అద్దంలోకి వంగింది. "అమ్మ! గుమ్మంల అమ్మ!" అని చప్పట్లు కొట్టింది. "నానమ్మ గూడ!"

"నువ్వు ఎనక్కి తిరిగినవా?"

"లేదు!"

"మరి అమ్మ కనవడ్డదా?"

"కనవడ్డది!"

"గంతే. ముంగటికే సూడాలె, అమ్మను గూడ సూడాలె."

నేను గుమ్మంలోంచి మెట్టు దిగాను. "అంటే ఏందయ్యా... నువ్వు రోజూ..."

"అవ్," అన్నాడు నేల చూపులు చూస్తూ.

"ఎప్పటి నుంచి?"

"పెండ్లైన కాన్నుంచి."

"అయితే నేను మూతి తిప్పింది..."

"సూసిన."

"నాలుక..."

"సూసిన. చీపురు గూడ సూసిన."

"అయ్యో దేవుడా! మరి ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే బంద్ జేస్తవని," అన్నాడు. "బాయిల దిగినంక ఎప్పుడన్న మనసు మంచిగ లేకపోతే గదే యాదికొస్తది. నవ్వొస్తది."

అత్తమ్మ వైపు తిరిగాను. కొడుకుని తిడుతుందనుకున్నాను. ఆమె గుమ్మానికి ఆనుకుని ఎటో చూస్తోంది.

"ఏమైంది అత్తమ్మా?"

"మీ మామ సైకిల్‌కు అద్దం బిగించుకున్నడు," అంది మెల్లగా. "ఆ రోజులల్ల కాలనీల ఏ సైకిల్‌కూ లేదు. మీసాలు దువ్వుకునేటందుకు అన్నడు. నేను నమ్మిన. సోకులరాయుడని తిట్టిన గూడ." కొంగుతో మూతి తుడుచుకుంది. "ఎన్నేండ్లు నిలబడ్డనే ఈ గుమ్మంల! పేడ చేతులతోని, రేగిన తలతోని. ఒక్కనాడన్న మంచిగ తల దువ్వుకోని నిలబడకపోతి గదనే నవతా."

సమ్మి అద్దంలో తన పళ్లు చూసుకుంటోంది.

కాసేపటికి అత్తమ్మ లోపలికి వెళ్లి తన ట్రంకు పెట్టె తెరిచింది. అడుగు నుంచి, పాత పంచెలో చుట్టిపెట్టిన గుండ్రటి అద్దం తీసుకొచ్చింది. అరచేతిలో పట్టేంత ఉంది. అంచుకి తుప్పు పట్టింది, గాజు మాత్రం మెరుస్తోంది. సైకిల్ అమ్మేసినప్పుడు ఇది మాత్రం ఎందుకో తీసి దాచుకుందట. దాన్ని మనవరాలి చేతిలో పెట్టి, "అద్దంల సూస్తే తప్పు లేదు. మీ తాతనే సూసిండు," అని తీర్పు చెప్పింది. మా ఆయన అంచుకి గుడ్డ చుట్టి, సంచి ఎడమ పట్టీకి బూటు లేసుతో గట్టిగా కట్టేశాడు.

అప్పటికే ఆయనకు ఆలస్యమైంది. బండెక్కి బయలుదేరాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను. ఇన్నేళ్లుగా రోజూ చేసే పనే అయినా, మొహం ఎలా పెట్టాలో తెలియలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కొత్త పెళ్లికూతురిలా తల దించుకున్నాను. బండి కొంచెం దూరం పోయి ఆగింది. ఆయన వెనక్కి తిరగలేదు. అక్కడి నుంచే, కాలనీ అంతా వినేలా అరిచాడు. "ఏందే? ఇయ్యాల ఏం లేదా?"

నా బలమంతా పెట్టి మూతి తిప్పాను.

మర్నాడు పొద్దున సమ్మి తనే లేచింది. వాళ్ల నాన్న చెప్పాడు, చిన్నపిల్లలందరికీ పెద్దయ్యేదాకా ఫస్ట్ షిఫ్టేనని. మేం బయలుదేరబోతుంటే అత్తమ్మ, "ఆగుండ్రి, నేను గూడ వస్త," అంది. చూస్తే నూనె రాసి తల దువ్వుకుంది, ముడిలో పెరటి కనకాంబరాలు పెట్టుకుంది, పెళ్లిళ్లకు కట్టే చీర కట్టుకుంది. దారిలో జంపక్క కళ్లు తిప్పకుండా చూసింది గానీ, అత్తమ్మ మొహం చూసి ఏమీ అడగలేదు.

గేటు దగ్గర సమ్మి నా చెయ్యి వదిలింది. రెండు చేతులతో పట్టీలు పట్టుకుని నడిచింది. మెట్ల దగ్గర ఆగింది. ఎడమ చేత్తో అద్దాన్ని లోపలికి తిప్పింది, కొంచెం కిందికి వంచింది, మళ్లీ కొంచెం పైకెత్తింది. పొద్దుటి ఎండ అద్దం మీద పడి, వెలుగు ముక్క ఒకటి గేటు మీద, వాచ్‌మన్ టోపీ మీద, టీ కొట్టు మీద గంతులేసి, వచ్చి నా కళ్లలో పడింది. అద్దంలో నాకు దాని మొహం కనపడలేదు. చిన్న నాలుక ఒకటి మాత్రం కనపడింది. నేనూ నాలుక బయట పెట్టాను.

తర్వాత ఆ వెలుగు పక్కకు జరిగి అత్తమ్మ మీద పడింది. ఆమె గబగబా కొంగు సర్దుకుని, నుదుటి మీది వెంట్రుకలు వెనక్కి తోసుకుని, నిటారుగా నిలబడింది.

"మంచిగ కనవడుతున్ననా?" అని అడిగింది.

నన్ను అడిగిందనుకున్నాను. నావైపు చూడటం లేదు, ఆ పాత అద్దం వైపే చూస్తోంది.